నుడిలంకె

అంగారకుడి మీద ‘నేనలా అనలేదే!’ అని బుకాయించే వీలు పోయి పాతికేళ్లయింది. డ్యూటీలో ఎవరు ఏమన్నా హెల్మెట్‌లోని యంత్రం పట్టేసి, అక్షరాలుగా మార్చి దాచేసేది. ఆ మాట దాగిన చోటికి దారి చూపేది నుడిలంకె. దాన్ని తాకితే చాలు, నుడిదర్శిని అనే ప్రోగ్రాం తెరుచుకుని అన్నది అన్నట్టు చూపించేది. ఎవరి నుడి వారి సొత్తు. విచారణ వస్తే ఎవరిది వారే తెరిచి సమర్పించాలి. అది అక్కడి కట్టుబాటు.

సరిగ్గా విచారణకు రెండు రోజుల ముందు, భూమి నుంచి వచ్చిన అప్‌డేట్‌తో దర్శిని మొరాయించింది. ప్రాణవాయువు ప్లాంటు చీఫ్ ఇంజనీర్ అపరంజి చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. కాలనీ సెట్టింగుల్లోకి వెళ్లి నుడిలంకెలకు డీఫాల్ట్ హ్యాండ్లర్‌గా, అంటే తలుపు తీసే నౌకరుగా, మామూలు టెక్స్ట్ ఎడిటర్‌ను పెట్టేసింది. కాలనీ అంతా ఆమెను మెచ్చుకుంది. దర్శిని చూపిస్తుందే గాని రాయనివ్వదనీ, ఎడిటర్ పుట్టిందే రాయడానికనీ ఒక్కరికీ తట్టలేదు.

విచారణ మెకానిక్ గవర్రాజు మీద. వాల్వు పేలి అతని కుడికాలు నుజ్జునుజ్జయింది. వాల్వు కారుతోందని అతను ముందే చెప్పి ఉంటే తప్పు పైవాళ్లది. చెప్పకపోతే అతనిదే. లైసెన్సు రద్దు చేసి భూమికి పంపేస్తారు.

విచారణ రోజు ఉదయం అపరంజి తన లంకెను తాకింది. వాల్వు పేలిన రోజు తను అన్న మాట తెర మీదికి వచ్చింది. ‘ఈ షిఫ్టు అవనీ గవర్రాజూ, తర్వాత మారుద్దాం.’ దాని చివర కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. ఇక్కడ దిద్దొచ్చని ఆమెకు అప్పుడు తట్టింది. పద్దెనిమిదేళ్ల ఉద్యోగం కళ్ల ముందు తిరిగింది. ఆ వాక్యం చెరిపేసి, ‘ప్లాంటు ఆపేసి ఇప్పుడే మార్చెయ్ గవర్రాజూ’ అని రాసింది.

“మార్పులు భద్రపరచమంటారా?” అంది యంత్రం, ఇంకాస్త కూర వడ్డించమంటారా అన్నంత మర్యాదగా.

సిగ్గేసింది. అయినా “ఊఁ” అంది.

విచారణాధికారి కమలనాథం మొదట ఆమె నుడి చదివాడు. “మార్చమని స్పష్టంగానే చెప్పారు,” అని తలూపాడు. తర్వాత గవర్రాజు నుడి తీశాడు. ఆ షిఫ్టు మొత్తంలో వాల్వు ఊసే లేదు.

“వాల్వు కారుతోందని నువ్వెవరికీ చెప్పలేదా?”

“లేదండి. తప్పు నాదేనండి,” అన్నాడు గవర్రాజు, చక్రాల కుర్చీలో తల దించుకుని.

కమలనాథం రెండు నుడులూ తెర మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. “అతను చెప్పనే లేదంటున్నాడు. మరి మార్చెయ్యమని మీరెలా అన్నారమ్మా?”

గవర్రాజు గభాల్న ఆమె వైపు తిరిగాడు.

“మీరూ దిద్దేశారా అమ్మగారూ? ఎలాగూ ఈ కాలుతో నేనింక పనికిరాను, మీరు లేకపోతే ప్లాంటు ఆగిపోద్దని నా మాట నేనే చెరిపేసుకున్నానండి. మీరు ముట్టుకోకుండా ఉంటే సరిపోయేదండి.”

అపరంజి లేచి నిలబడింది. 

“చెప్పాడండీ. ప్లాంటు ఆపమని బతిమాలాడు. వద్దన్నది నేనే.”