ఉంగి కాలి కట్టు

దవాఖానా వరండాలో, వట్టి గచ్చు మీద శవం ఉంది. తొమ్మిదేళ్ళ ఆడపిల్ల. పేరు ఉంగి. మీద కప్పింది దవాఖానా దుప్పటి కాదు, వాళ్ళ నాన్న తలగుడ్డ.

ఆ నాన్నను పక్కనే స్తంభానికి కట్టేశారు.

అవును, కట్టేశారు! కన్నబిడ్డ కళ్ళ ముందు పోయి రెండు గంటలు కాలేదు. చేతులు వెనక్కి విరిచి నైలాన్ తాడుతో బిగించారు. ఊరంతా చుట్టూ మూగింది. ఒక్కరి నోట "పాపం" అన్న మాట లేదు.

పినపాక దాటాక, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంది ఈ వెదురుబండ. ఊళ్ళో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఊరివాళ్ళకూ అదే దిక్కు, అడవిలో ఊటవాగు గుంపు అనే గూడెంలో ఉండే కోయవాళ్ళకూ అదే దిక్కు. కనీసం బోర్డు మీద అలాగే రాసి ఉంది.

ఎస్సై ఫరహా జీపు దిగేసరికి పది దాటింది. ఎండ అప్పుడే చిటపటలాడుతోంది.

"మేడం, దొంగను మేమే పట్టినం. మీరు తీస్కపోవుడే!" జనంలోంచి ఎవడో అరిచాడు.

"రెహమాన్, తాడు విప్పు," అంది ఫరహా కానిస్టేబుల్‌తో.

"విప్పితే ఉరుకుతడు మేడం!"

"బిడ్డ శవం ఈడ పెట్టి ఏడికి ఉరుకుతడయ్యా? నీకు పిల్లలు లేరా?"

వాడు వెనక్కి తగ్గాడు. రెహమాన్ తాడు విప్పాడు. భీమయ్య ఎక్కడికీ పోలేదు. కాళ్ళు మడిచి కూతురి తల దగ్గర కూలబడ్డాడు.

"ఏం జరిగింది?" ఫరహా ఎవరినీ ఉద్దేశించకుండా అడిగింది.

ఇద్దరు ముందుకొచ్చారు. ఒకడు ఫార్మసిస్టు జయప్రకాశ్. ఇస్త్రీ చొక్కా, చేతిలో తాళాల గుత్తి. రెండోవాడు అతని మేనమామ పిచ్చయ్య. తెల్లపంచె. తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మిరప వేసి స్థిరపడ్డ కుటుంబం. దవాఖానా కమిటీ చైర్మన్ కూడా ఆయనే.

"పాము కరిచిందండీ," అన్నాడు జయప్రకాశ్. "తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుకోడానికి వెళ్ళిందంట. కట్లపాము. వీళ్ళు మోసుకొచ్చేటప్పటికే పోయింది. ఆ మాట చెప్పేసరికి ఈయనకి పిచ్చెక్కింది. లోపలికి చొరబడి, రాయితో అల్మారా తాళం పగలగొట్టి, పాము మందు డబ్బా పట్టుకుపోయాడు."

"డబ్బా ఏది?"

"మోసుకొచ్చిన వాళ్ళు ఇంకా ఇద్దరున్నారండి. వాళ్ళ చేతికిచ్చేశాడు. అడవిలోకి పారిపోయారు."

"చచ్చిపోయిన పిల్లకు మందెందుకు?"

"వాళ్ళకి ఆ తెలివి ఉంటే ఇంకేమండీ!" అన్నాడు పిచ్చయ్య, నవ్వుతూ. శవం ముందు నిలబడి నవ్వుతున్నాడు, సిగ్గులేని మనిషి. "మేడం, కేసు గట్టిగా రాయండి. ప్రభుత్వ ఆస్తి దోపిడీ. ఒక్కడు జైలుకెళ్తే మిగతావాళ్ళకి బుద్ధొస్తుంది. ఇకమీదట గుంపోళ్ళని ఈ గేటు దాటనివ్వం. కమిటీ అనుకున్నాం."

జనం "అవ్, అవ్" అన్నారు.

ఫరహాకు ఒళ్ళు మండింది. మోకాళ్ళ మీద వంగి తలగుడ్డ కొద్దిగా తొలగించింది.

కుడి కాలు. చీలమండ పక్కన రెండు సన్నటి గాట్లు, చుట్టూ లేత గోధుమరంగు మరక. పిక్క మీద, మోకాలి కింద, చుట్టూరా లోతైన అచ్చు. నీలంగా కమిలిపోయింది. దేనితోనో బిగించి కట్టిన గుర్తు.

కట్టు మాత్రం లేదు.

"జయప్రకాశ్, పిల్లను మీలో ఎవరన్నా ముట్టుకున్నరా?"

"లేదండీ. చూడగానే తెలిసిపోయింది. నేనూ ముట్టుకోలేదు, సిస్టర్ నాగలతా ముట్టుకోలేదు."

"డాక్టర్?"

"కొత్తగూడెంలో మీటింగండీ."

"పిల్లను ఎక్కడ పడుకోబెట్టిన్రు?"

"ఇక్కడే. వరండాలో."

"లోపల మంచాలు ఖాళీగున్నయ్ గదా. కిటికీలోంచి కనబడుతున్నయ్."

జయప్రకాశ్ ఇబ్బందిగా మామ వైపు చూశాడు. పిచ్చయ్యే జవాబు చెప్పాడు. "గుంపోళ్ళని వరండా దాకానే అండి. లోపల మా ఆడవాళ్ళుంటారు, బాలింతలుంటారు. మొదట్నించీ పద్ధతే అది."

పద్ధతట! ఎవరు పెట్టిన పద్ధతో, ఏ చట్టంలో ఉందో అడిగే నాథుడు లేడు.

ఫరహా భీమయ్య పక్కన గొంతుక్కూచుంది. "భీమయ్యా, బిడ్డ కాలుకు కట్టు ఎవరు కట్టిన్రు?"

"నేనే అమ్మా. అడ్డాకు తీగ నారతోటి. ఊరికి వచ్చేదాంక ఇప్పలె."

"ఇప్పుడు లేదు గదా. ఎవరిప్పిన్రు?"

"ఇప్పలె. కోసిన్రు. గా సిస్టరమ్మ కోసింది."

"అబద్ధాలకోరు!" వెనక నుంచి కేకలు. "చచ్చిన పిల్లకు సిస్టరెందుకు కోస్తది?"

"బిడ్డ అప్పటికి బతికుందా, భీమయ్యా?"

"మాట్లాడింది అమ్మా. నీళ్ళడిగింది."

కేకలు ఇంకా పెరిగాయి. ఎవడో మట్టిబెడ్డ విసిరాడు. అది భీమయ్య భుజానికి తగిలింది. అతను తుడుచుకోను కూడా లేదు.

"ఇంకొక్కటి పడిందంటే విసిరినోన్ని జీపెక్కిస్త!" ఫరహా లేచి అరిచింది.

ఇక్కడే ఉంది సంగతి. భీమయ్య మాట నిజమైతే పిల్ల బతికుండగా వచ్చింది. జయప్రకాశ్ మాట నిజమైతే శవమై వచ్చింది. ఒక పక్క ఊరంతా. ఇంకో పక్క బట్ట కూడా సరిగ్గా లేని ఒక్క మనిషి. ఊరి మాటే నిలబడితే భీమయ్య దొంగగా జైలుకు పోతాడు. ఉంగి ఎలా పోయిందని ఇక ఎవరూ అడగరు.

ఫరహా లోపలికి నడిచింది. అల్మారా చూసింది. తాళం పగిలి వేలాడుతోంది. కింద రాయి. పక్క అరల్లో సెలైన్ సీసాలు వరసగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. పిచ్చెక్కినవాడు ఇంత పొందిగ్గా దోచుకుంటాడా? అనుకుంది. అయితే అది సాక్ష్యం కాదు.

డ్రెస్సింగ్ గదిలోకి వెళ్ళింది. మూలన చెత్త వేసే పసుపుపచ్చ బకెట్. చేతికి గ్లౌజు తొడుక్కుని కెలికింది. దూది. సిరంజి కవరు. దాని కింద, నార!

పచ్చిగా ఉన్న అడ్డాకు నార. వలయంగానే ఉంది. వేసిన ముడి వేసినట్టే ఉంది. ముడికి ఎదురుగా ఒక్కచోట తెగి ఉంది. తెగిన చోట గోధుమరంగు మరక. అయొడిన్ వాసన.

ఫరహా దాన్ని కిటికీ వెలుతురులో పట్టి చూసింది. వాళ్ళది ఖమ్మంలో దర్జీల కుటుంబం. అబ్బాజాన్ కత్తెర శబ్దం వింటూ పెరిగిన పిల్ల. కత్తి కోత వేరు, కొడవలి కోత వేరు, కత్తెర కోత వేరు. ఇది కత్తెరే. పదునైన కత్తెర. ఒకే నొక్కు.

"రెహమాన్, అందర్నీ లోపలికి పిలువు. భీమయ్యను గూడ."

"గుంపాయన్ని లోపలికా మేడం?"

"లోపలికే. మంచం మీద కూసోబెట్టు."

*

మంచాలున్న గదిలో అయిదుగురు. జయప్రకాశ్, పిచ్చయ్య, నాగలత, భీమయ్య, ఫరహా. గుమ్మంలో రెహమాన్. కిటికీ ఊచలకు ఊరి ముఖాలు.

నాగలతకు ముప్పై ఏళ్ళుంటాయి. మధిర పిల్ల. ఉద్యోగానికి వచ్చి ఏడాది. పొద్దుటి నుంచి ఆమె గొంతు ఎవరూ వినలేదు.

ఫరహా నారను బల్ల మీద పెట్టింది.

"సిస్టర్, ఇది మీ బకెట్ల దొరికింది. కత్తెరతోటి కోసిన్రు. అయొడిన్ మరకుంది. గుంపులో అయొడిన్ ఉంటదా?"

నాగలత తల దించుకుంది.

"మేము పారేసి ఉంటామండీ, ఊడ్చేటప్పుడు," అన్నాడు జయప్రకాశ్ గబగబా.

"నేను మిమ్మల్ని అడగలె. సిస్టర్, ఒక్క ముచ్చట చెప్పండి. పాము కరిచి, గట్టిగ కట్టు కట్టుకొని వచ్చిన మనిషి. ఆ కట్టును మీరెప్పుడు తీస్తరు?"

"మందు... మందు చేతిలో పెట్టుకున్నాకే," అంది నాగలత, లోగొంతుకలో.

"ముందే తీస్తే?"

"విషం ఒక్కసారిగా పైకెక్కిద్ది. ట్రైనింగ్‌లో మొదట చెప్పేది అదే."

"మరి మీరు కోసిన్రు. చచ్చిన పిల్లకు ఎవరూ కొయ్యరు. కోసి, గాటు మీద అయొడిన్ రాసిన్రు. అంటే పిల్ల బతికుంది. ఇంకోటి. మందు లేదని తెలిస్తే మీరు కట్టు ముట్టుకునేటోళ్ళే గాదు. అల్మారాల ఉందనుకున్నరు. అవునా?"

నాగలత ముఖం చేతుల్లో దాచుకుంది. ఒక్క క్షణం. తర్వాత ఇన్ని గంటలు బిగబట్టిందంతా బద్దలైంది.

"ఉందనే అనుకున్నా మేడం! నిన్నటిదాకా ఉంది. కట్టు కోసి, అల్మారా తెరిస్తే ఖాళీ! మళ్ళీ కడదామని పరిగెత్తుకొచ్చేసరికి దాని కళ్ళు మూతలు పడిపోయినయ్. ఊపిరి అందలేదు. నేనే చంపా మేడం. నేనే కోశా!"

"అల్మారా తెరిచిన్రా? ఎట్ల?"

"తాళం చెవితో. సారు ఫోన్లో మాట్లాడుతుంటే చేతిలోంచి తీసుకొని."

"అంటే అప్పటికి తాళం బాగనే ఉంది."

"బాగానే ఉంది."

ఫరహా జయప్రకాశ్ వైపు తిరిగింది. "అర్థమైందా? పిల్ల పోయినంక భీమయ్య ఎత్తుకపోయిండంటివి. పిల్ల పోకముందే అల్మారా ఖాళీ. మంచిగున్న తాళాన్ని తర్వాత రాయితోటి పగలగొట్టిందెవరు? డబ్బా ఏడుంది?"

జయప్రకాశ్ మళ్ళీ మామ వైపు చూశాడు.

"నువ్వు మాట్లాడకురా," అన్నాడు పిచ్చయ్య.

అంతే. ఆ ఒక్క మాటతో మేనల్లుడు ఎదురు తిరిగాడు. ఇరుక్కునేది తానొక్కడే అని అర్థమైనట్టుంది.

"మావయ్య దగ్గరుందండీ! నిన్న సాయంత్రం ఆయనే పంపించమన్నారు. మిరప కోతలు, కళ్ళాల్లో పాములు తిరుగుతున్నాయి, మన కూలీలకి దగ్గర్లో ఉండాలన్నారు. పొద్దున్న ఈ పిల్ల రాగానే ఫోన్ చేశానండీ. రెండు సార్లు చేశాను. ఇవ్వనన్నారు."

ఫరహా పిచ్చయ్య వైపు తిరిగింది.

"ఇవ్వనన్నరా?" ఫరహా గొంతు తగ్గింది. "ఎందుకు పిచ్చయ్యగారూ?"

"ఒక మనిషికి పది వయల్స్ పొయ్యాలండీ. డబ్బా మొత్తం అయిపోతుంది. రేపు మా వాళ్ళకి కరిస్తే ఏం చేయను? అడవిలో పుట్టినవాళ్ళు, వాళ్ళకి ఆకులున్నాయి, పసర్లున్నాయి. మాకేమున్నాయి?" పిచ్చయ్య కంఠంలో తప్పు చేసిన జంకు ఇసుమంత కూడా లేదు. "రోడ్డేసింది మేము. ఈ బిల్డింగుకి స్థలమిచ్చింది మేము. ఎవరు ముందు, ఎవరు వెనక అనేది మేము చూసుకుంటాం."

కిటికీ దగ్గర ఉన్న ఊరివాళ్ళు ఇందాకటిలా "అవ్" అనలేదు. అలాగని "కాదు" అనీ అనలేదు. వెధవ మౌనం!

"ఈ సీజన్ల మీ కూలీల్లో ఎంతమందిని పాము కరిచింది?"

"ఇంకా ఎవర్నీ లేదు. జాగ్రత్త కోసం."

"రెహమాన్, ఈయనింట్లకెల్లి ఆ డబ్బా తీస్కరా. జల్దీ."

ఫరహా ఫోన్ తీసి డీఎస్పీకి చెప్పింది. అట్రాసిటీ కేసు, మీరే రావాలి సార్, అంది. పిచ్చయ్య సెల్ తీసి ఎవరెవరికో కొడుతున్నాడు. ఫరహా ఆ సెల్ లాగేసుకుని బల్ల మీద పెట్టింది.

"అడిగినా ఇవ్వను," అంది. "మీరు నేర్పిన పద్ధతే."

రెహమాన్ వెళ్ళినవాడు జీపు కూడా తియ్యలేదు. నడిచే వెళ్ళాడు, నడిచే వచ్చాడు. చేతిలో తెల్లటి థర్మోకోల్ డబ్బా. మూత తీశాడు. పది సీసాలు. తెల్లటి పొడి. ఒక్కదాని సీలు కూడా విప్పలేదు.

భీమయ్య మంచం మీంచి లేచాడు. ఇంతసేపూ అతనికి ఎవరూ ఏమీ విడమర్చి చెప్పలేదు. అయినా అంతా విన్నాడు. డబ్బా దగ్గరికొచ్చి ఒక సీసాను వేలితో ముట్టుకున్నాడు.

"ఇదేనా అమ్మా?"

"ఇదే భీమయ్యా."

"ఏడుండె?"

ఫరహా కిటికీ వైపు చెయ్యి చూపించింది. జనం పక్కకు జరిగారు. దవాఖానా గేటు. గేటు ముందు రోడ్డు. రోడ్డుకు అవతల పిచ్చయ్యగారి మేడ. నీలం గేటు. పిలిస్తే పలికేంత దూరం.

భీమయ్య ఆ గేటునే చూశాడు. అతని ముఖంలో కోపం కోసం ఫరహా వెతికింది. కోపమైతే ఆమెకు తట్టుకోవడం తేలిక.

"నేను బిడ్డను ఎత్తుకొని గా ఇంటి ముంగటికెల్లే వచ్చిన అమ్మా," అన్నాడు. "కుక్క మొరిగింది. ఒకామె నన్ను జూసి గేటు పెట్టుకుంది."