చివరి గొట్టం మీద వయసు

"గొట్టం మీద ఉన్నది పిల్లాడి పేరా, కోడి గెలికిన గీతలా?"

పిల్లల వార్డు డాక్టరుతో ఆమె అన్న మొదటి మాట అది. పసిపిల్లల గొంతు నులిమే కంఠసర్పి (డిఫ్తీరియా) మీద పరిశోధన జరిగే ల్యాబులో ఆమె ఉద్యోగం. పిల్లల గొంతుల నుంచి తీసిన శాంపిళ్లు తెచ్చేది అతను.

"పిల్లాడు వేలు కొరుకుతుంటే ముత్యాల్లాంటి అక్షరాలు ఎలా వస్తాయండీ?"

"అయితే ఫోన్ చేసి చెప్పండి."

అలా మొదలైన ఫోన్లు పని అయిపోయినా ఆగేవి కావు. "పెట్టేస్తున్నా" అనేది ఆమె. పెట్టేది కాదు.

ఒక వర్షం ఉదయం శాంపిళ్ల పెట్టె నర్సు తెచ్చింది. మూడేళ్లు, ఐదేళ్లు, నాలుగేళ్లు... చివరి గొట్టం మీద ఇరవై తొమ్మిది, పక్కనే అతని పేరు.

గొట్టం పట్టుకుని ఆమె నర్సు వైపు తిరిగింది. "ఆయనేరీ?"

"మొన్న ఊపిరాడని పాపకి గొంతులో గొట్టం వేస్తుంటే ఆయన మాస్కు జారింది. పాప ఆయన ముఖమ్మీదే దగ్గింది. రాత్రి నుంచి జ్వరం. విడిగా గదిలో పెట్టారు."

"ఇది నువ్వు చెయ్యకు, నాకివ్వు" అన్నారు ల్యాబు పెద్ద మేడమ్.

"నేనే చేస్తాను మేడమ్."

మర్నాటికి శాంపిల్ పూసిన ప్లేటు మీద కంఠసర్పి క్రిముల నల్లని చుక్కలు లేచాయి. వేలసార్లు చూసిన చుక్కలే. ఈసారి అవి అతని గొంతులోవి. మందు ముందే మొదలుపెట్టారు. కానీ ఆ క్రిముల విషం గుండెకు చేరితే?

ఫోన్ చేసింది.

"వచ్చిందా?" బొంగురు గొంతు.

"ఊఁ."

"పాపకెలా ఉందట?"

"తేరుకుంటోంది. మీ సంగతి ఆలోచించరా?"

"భయమేస్తోందండీ. కాసేపు పెట్టెయ్యకండి."

నాలుగో రోజు అతని గుండె లయ తప్పింది. రెండు వారాలు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమన్నారు. గది బయట బెంచీ మీద అతని తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ల్యాబమ్మాయివి నువ్వేనా తల్లీ? నీకు చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే పోతానేమోనని వాడి బెంగ."

ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. "అలా అనకండి అత్తయ్యా."

ఆ పిలుపు విని పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. మళ్లీ వదల్లేదు.

ఆ తర్వాత పదిహేనో రోజున గండం గడిచిందన్నారు. గోడ పట్టుకుని అతను బయటికొచ్చాడు, చిక్కి సగమై.

"అమ్మ చెప్పేసిందటగా?"

"మీరు చెప్పలేదుగా."

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

అన్నాళ్లూ బిగబట్టిన భయమంతా అప్పుడు కట్టలు తెంచుకుంది. వెక్కివెక్కి ఏడుస్తూనే ఆమె తలూపింది.