బుస ఆగిన బాయిలర్

ఏజెంట్ గ్రిమ్‌షా శవం కాలువలో తేలింది.

బట్టల బేరగాడి వేషంలో హాల్‌డెన్ మిల్లుకి పంపిన మనిషి. అనుభవం ఉన్నవాడే. కానీ అడగాల్సినవన్నీ నోరు తెరిచి అడిగాడు. ఎవరి చెవిన పడ్డాయో ఏమో, వారం తిరక్కుండా నీళ్ళ పాలయ్యాడు. పిస్తోలు జేబులో పెట్టింది పెట్టినట్టే ఉంది. తీసే వ్యవధి కూడా ఇవ్వలేదన్నమాట.

మాంచెస్టర్‌లో ఒక సత్రం వెనకగదిలో క్రేల్ దొర ఈ సంగతి చెబుతుంటే తబితా ఆగ్డెన్ శాలువా అంచు మెలిపెడుతూ వింది. క్రేల్ లండన్ రహస్య విభాగంలో పెద్ద అధికారి. తబిత ఒకప్పుడు మిల్లులో నేతగత్తె. మొగుడు పోయాక క్రేల్ కింద ఏజెంటుగా చేరింది. దొంగనోట్ల ముఠాలను పట్టించిన మనిషే అయినా, కొత్త మిషన్ అంటే ఆమెకి భయం తప్పేది కాదు. ఈసారి మరీను. హాల్‌డెన్ మిల్లు ఒకప్పుడు ఆమె నేసిన మిల్లే.

"రేపు కాక ఎల్లుండి వాణిజ్య మంత్రి లార్డ్ హార్‌క్లిఫ్ ఆ మిల్లుకి వస్తున్నారు," అన్నాడు క్రేల్. "కొత్త హై ప్రెషర్ ఇంజన్ చూడటానికి. దానివల్ల ప్రమాదం లేదని పార్లమెంటులో ఆయనే మాటిచ్చారు. అది ఆయన కళ్ళముందే పేలితే..."

"పేలితే ఇంక కళ్ళెక్కడుంటాయి దొరా."

క్రేల్ నవ్వలేదు. అది పేలితే పార్లమెంటు హడలిపోయి అలాంటి ఇంజన్లన్నిటినీ నిషేధిస్తుందని, పనిపోయిన ఇంజనీర్లను సముద్రం అవతలివాళ్ళు గుట్టుగా ఎగరేసుకుపోతారని చెప్పాడు. ముఠా నాయకుడు రూట్‌గర్. బయటికి డెన్మార్క్ బట్టల వ్యాపారి. వాడి వెంట ఒక కౌంటెస్ ఉంటుంది, పేరు ఆడెలీన్. మిల్లు లోపల వాళ్ళకి సాయం చేసేది ఎవరో తెలియదు.

"ముఠాలో మన మనిషి కూడా ఒకరున్నారు. కోడ్ పేరు వానకోయిల. ఆడో మగో నాక్కూడా చెప్పలేదు. సమయం వచ్చినప్పుడు తనే పలకరిస్తారు."

"ఆ బాయిలర్ దగ్గర బొగ్గు వేసేది నా కొడుకు, దొరా."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను. కొడుక్కి తిండి తీసుకెళ్ళే తల్లిని ఎవరూ అనుమానించరు."

ఆ ఒక్కరోజు కొడుకు ఆంబ్రోస్‌ని ఏదో వంక పెట్టి బయటికి పంపేయమని తబిత బతిమాలింది. క్రేల్ ఒప్పుకోలేదు. మనిషిని మారిస్తే ముఠా పసిగడుతుంది, ఇవాళ తప్పిన ప్రమాదం ఇంకోరోజు ఇంకోచోట జరుగుతుంది అన్నాడు. వాడికి ఒక్క మాట కూడా చెప్పకూడదన్నాడు. లెక్క సరైనదే. కానీ ఆ లెక్కలో పెట్టింది అతని కొడుకుని కాదు.

తర్వాత బల్లమీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి నేత నాడె, మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ లాక్కెళ్ళే చెక్క. దాని ఇత్తడి కొన నొక్కితే లోపలినుంచి సన్నటి కత్తి బయటికొస్తుంది. రెండోది వెండి ఈల. ఆపద వస్తే ఊదమన్నాడు, బయట తన మనుషులు కాచుకుని ఉంటారట.

"మరమగ్గాల షెడ్డులో ఈలా?" అంది తబిత. "అక్కడ ఫిరంగి పేలినా పక్కవాళ్ళు తిరిగి చూడరు."

అయినా తీసుకుంది. ప్రభుత్వం వారి ఈల మరి.

*

మర్నాడు తెల్లవారగానే ఆమె చెక్క అడుగుల చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చి పాత నేతపనికే మిల్లులో చేరింది. షెడ్డులోకి అడుగుపెట్టగానే మగ్గాల చప్పుడు పళ్ళలోకి పాకింది. వందల మగ్గాలు ఒకేసారి దడదడా కొట్టుకుంటున్నాయి. పైన తోలు పట్టాలు గిర్రున తిరుగుతున్నాయి. కొత్తగా చేరిన పిల్లల జుట్టు విరబోసి ఉందేమోనని తబిత కళ్ళు ముందు అదే వెతికాయి. ఒక్క వెంట్రుకపాయ ఆ పట్టాకి చిక్కితే మనిషి దక్కదు.

ఆ చప్పుడులో నోటిమాట చెవికందదు. అందుకే అక్కడి ఆడవాళ్ళు పెదవులతోనే మాట్లాడుకుంటారు. గొంతు అక్కర్లేదు. మూతిని బాగా సాగదీసి, విప్పి, ముడిచి అక్షరం అక్షరం చూపిస్తారు. అవతల గోడ దగ్గరున్న మనిషి కూడా చదివేస్తుంది. దాన్ని వాళ్ళు మూతిమాట అంటారు. మిల్లు యజమానులకి దాని సంగతి తెలియదు. ఆడవాళ్ళు దవడలు నొప్పెట్టి సాగదీసుకుంటున్నారనుకుంటారు.

పక్క మగ్గం డోర్కస్‌ది. తబిత పాత స్నేహితురాలు. నాడె కన్నానికి నోరుపెట్టి దారం పీల్చి, ఉమ్మేసి, మూతిమాటలో పలకరించింది.

"ఇన్నేళ్ళకి గుర్తొచ్చామా అక్కా? లండన్ తిండి పడలేదా?"

"నీ వాగుడు వినక చెవులు బావురుమన్నాయి, వచ్చేశా."

"చెవులెందుకే ఇక్కడ, గూట్లో పెట్టిరా. నీ కొడుక్కి పిల్లని చూశావా? మా ఆడపడుచు కూతురుంది. పని బాగా చేస్తుంది, కొంచెం మెల్ల."

పొద్దెక్కాక రూట్‌గర్ వచ్చాడు. ఎత్తయిన మనిషి, పెదవుల్ని పూర్తిగా కప్పేసిన గుబురు మీసం. పక్కన ఆకుపచ్చ పట్టుగౌనులో కౌంటెస్ ఆడెలీన్. ఆమె నడుస్తుంటే మగ్గాలు బాగుచేసే మగవాళ్ళు సుత్తులు కింద పెట్టేశారు. ఎవరితో మాట్లాడినా ఆమె కళ్ళల్లోకి చూడదు. పెదవులమీదే చూపు. ఆ చూపు పడ్డ ప్రతి మగాడూ ఎర్రబడిపోతున్నాడు. ఏం ఆడదిరా బాబూ అనుకుంది తబిత.

వాళ్ళకి అంతా చూపిస్తున్నవాడు మిల్లు ఉపమేనేజర్ జేబెజ్ పికప్. ముగ్గురూ షెడ్డు నట్టనడుమకి వచ్చి ఆగారు. ఎందుకో తబితకి అర్థమైంది. ఎక్కడా దొరకని గుట్టు వాళ్ళకి ఆ చప్పుడులో దొరికింది. అక్కడ ఎంత మాట్లాడినా ఎవరికీ వినపడదని వాళ్ళ ధీమా.

తెగిన పడుగు పోగు ముడివేస్తున్నట్టు వంగి ఆమె వాళ్ళ పెదవులు చదవసాగింది. పికప్ మీసం కూడా నున్నగా గీసుకున్న మనిషి. వాడి మాటలు స్పష్టంగా కనిపించాయి. "రేపే... మంత్రి బాయిలర్ గదికి రాగానే... లేదు, ఆ కుర్రాడికి అనుమానం రాదు, నేను చెప్పినట్టు వింటాడు..."

ఆ కుర్రాడంటే ఆంబ్రోస్.

ఎలా చేయాలని పికప్ అడిగితే చెప్పింది రూట్‌గర్. ఆ మాటంతా మీసం వెనక ఉండిపోయింది. వెంట్రుకలు కదిలాయి, అంతే. తబితకి ఆ మీసాన్ని రెండు చేతులా పట్టుకుని పీకెయ్యాలనిపించింది. పికప్ మీద ఓ కన్నేసి ఉంచమని డోర్కస్‌కీ, అటు వరసవాళ్ళకీ మూతిమాటలో చెప్పింది.

*

మధ్యాహ్నం గేటు బయట క్రేల్ దొర వేడివేడి ఆలుగడ్డలు అమ్మేవాడి వేషంలో వేళ్ళు కాల్చుకుంటున్నాడు. తబిత ఆలుగడ్డ కొంటున్నట్టు నిలబడి చూసినదంతా చెప్పింది. పికప్‌ని ఇప్పుడే పట్టుకోమంది. సాక్ష్యం లేదన్నాడు క్రేల్. ఆడవాళ్ళ మూతి విరుపులు చూసి మేనేజర్‌ని బంధిస్తే ఏ న్యాయాధికారి ఒప్పుకుంటాడన్నాడు. పోనీ మంత్రిని ఆపమంది. ఆయన రానంటే ప్రతిపక్షం పిరికివాడంటుంది, ఆయన పదవికన్నా ప్రాణాన్ని తేలిగ్గా వదులుకునే రకం అన్నాడు.

"ఆయన ప్రాణం ఆయనిష్టం. నా కొడుకు ప్రాణం వదులుకోవడానికి ఆయనెవరు?"

క్రేల్ ఆలుగడ్డ మీద ఉప్పు చల్లాడు.

ఆమె ఓట్స్ రొట్టె, జున్నుముక్క మూటగట్టుకుని బాయిలర్ గదికి వెళ్ళింది. ఆంబ్రోస్ మసిమొహంతో నవ్వాడు. బాయిలర్ చుట్టూ తిరిగింది. పైపులు తడిమింది. నిచ్చెన పక్కన నిలబడి పైనున్న, ఎక్కువైన ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు వైపు చూసింది. అది ఎప్పటిలాగే సన్నగా బుసకొడుతోంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అది చూసి ఆమెకి ఇంకా భయమేసింది.

"ఏం వెతుకుతున్నావమ్మా? నాకు పిల్లని ఇక్కడ దాచావా?"

"రేపు ఒంట్లో బాగోలేదని ఇంట్లో పడుకోరా." చెప్పకూడదని తెలిసీ నోరు జారింది.

"మంత్రిగారు వచ్చే రోజా? చాల్లే. నీకెప్పుడూ భయమే. చిన్నప్పుడు చెంచాతో పాలు తాగినా గొంతుకి అడ్డం పడతాయనేదానివి."

"పడ్డాయి కదరా ఒకసారి."

అంతకుమించి ఏం చెప్పగలదు. రొట్టె తినేదాకా నిలబడి చూసి వచ్చేసింది.

*

మంత్రి లార్డ్ హార్‌క్లిఫ్ చెప్పిన వేళకే షెడ్డులోకి వచ్చాడు. వెనక మిల్లు యజమాని, ఇద్దరు శాస్త్రవేత్తలు, రూట్‌గర్, కౌంటెస్. పికప్ మాత్రం లేడు. తబిత మొదట గమనించింది అదే.

మగ్గాల మధ్య నిలబడి మంత్రి ఏదో అడిగాడు. పక్కనున్న శాస్త్రవేత్త చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని వినపడటంలేదని తల తిప్పాడు. కౌంటెస్ మాత్రం మంత్రి పెదవులు ఒక్కసారి చూసి ఠక్కున జవాబిచ్చింది.

తబిత చేతిలో నాడె ఆగిపోయింది.

అది వగలు కాదు. షెడ్డులో పెరిగిన ఆడదాని చూపు. పట్టుగౌను లోపల ఉన్నది నేతగత్తె.

వెంటనే ఇంకో భయం పట్టుకుంది. నిన్న డోర్కస్‌తో, అటు వరసలో ఉన్నవాళ్ళతో తాను అన్నవన్నీ ఈమె చదివేసి ఉంటే? పికప్‌ని కనిపెట్టి ఉండమని వాళ్ళకి తనే చెప్పింది. గ్రిమ్‌షాని కూడా ఈమే పట్టించి ఉంటే?

కౌంటెస్ తలెత్తింది. చూపులు కలిశాయి. రూట్‌గర్ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుని మంత్రి వైపు చూస్తున్నాడు. ఆమె విసనకర్ర వాడికి అడ్డంగా పెట్టుకుంది. మూతి సాగింది, విప్పుకుంది. అచ్చమైన మూతిమాట.

"వానకోయిలని. పికప్ వాల్వు కట్టేశాడు. నాకూ ఇప్పుడే చెప్పాడు వీడు. పరిగెత్తవే అక్కా."

తబిత నమ్మాలో వద్దో ఆలోచించలేదు. ఆలోచిస్తే కాళ్ళు కదలవు. మగ్గం వదిలేసి, క్రేల్ ఇచ్చిన నాడె పట్టుకుని పరుగెత్తింది. పరిగెడుతూనే డోర్కస్ వైపు తిరిగి నాలుగు ముక్కలు మూతితో విసిరింది.

ఆ మాట ఆమెకన్నా ముందు పరిగెత్తింది. మగ్గం నుంచి మగ్గానికి, వరసనుంచి వరసకి. ఎవరూ అరవలేదు. ఆమె వచ్చేసరికే దారికి అడ్డంగా ఉన్న నూలు బుట్టలు పక్కకి జరిగాయి. చివరి తలుపు బార్లా తెరిచి ఒక ముసలామె పట్టుకుని నిలబడింది. వెనక, రూట్‌గర్ ఏదో పసిగట్టి కోటులో చెయ్యి పెట్టేసరికి చుట్టూ శాలువాలు. దారి ఇవ్వమని కసిరాడు. ఎవరికీ వినపడలేదు పాపం. చెక్కచెప్పులు వాడి కాలివేళ్ళమీదే నిలబడ్డాయి.

బాయిలర్ గది గుమ్మంలో ఆమెకి తెలిసింది. బుస లేదు. బాయిలర్ మూగగా ఉంది, రేకులు మాత్రం సన్నగా వణుకుతున్నాయి. దాని పక్కనే ఆంబ్రోస్ పారనిండా బొగ్గు ఎత్తుతున్నాడు.

"ఆపరా."

"అమ్మా, పికప్ గారే కట్టారు, మంత్రిగారు మాట్లాడేటప్పుడు బుస వినపడకూడదని. ఆయన వెళ్ళాక..."

ఆమె అప్పటికే నిచ్చెనమీద ఉంది. వాల్వు మీటని మైనం పూసిన పడుగుతాడుతో కిందికి బిగించి కట్టారు, ముడిమీద ముడి. ఇనుము సెగకి కళ్ళల్లో నీళ్ళు కారాయి. నాడె కొన నొక్కింది. కత్తి రాలేదు. ఇంకోసారి నొక్కింది. రాలేదు. వెనకనుంచి మంత్రిగారి పరివారం అడుగులు గుమ్మం దగ్గరికి వచ్చాయి. యజమాని గొంతు వినపడింది, ఇదిగో ప్రభూ, ఎంత నెమ్మదైన యంత్రమో చూడండి అని.

ఆమె నాడెను ఇనుముకేసి కొట్టింది. కత్తి బయటపడింది. తాడు తెగింది.

ఆవిరి పైకప్పు పెంకుల్ని ఎగరగొట్టుకుంటూ లేచింది. ఆ ఊపుకి తబిత నిచ్చెనమీంచి పడింది. కింద కొడుకు చేతులున్నాయి. మోచెయ్యి పొడుగునా బొబ్బలు లేచాయి. ఆమె వాటిని చూసుకోలేదు. వాడి మొహం, చేతులు, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది.

"నాకేం కాలేదమ్మా," అన్నాడు ఆంబ్రోస్. ఈసారి నవ్వలేదు. పారలో మిగిలిన బొగ్గుని నేలమీద పోసేశాడు.

*

పికప్‌ని కాలువ పడవలో పట్టుకున్నారు. రూట్‌గర్‌ని ఆడవాళ్ళే క్రేల్ మనుషులకి అప్పగించారు, కుంటుతూ వచ్చాడు.

తబిత చేతికి కౌంటెస్ తన పట్టురుమాలు చింపి కట్టింది. తనది పక్కలోయలోని నేతపల్లె అని చెప్పింది. గ్రిమ్‌షాని కాపాడలేకపోయానని, ఆ రాత్రి తనని గదిలో పెట్టి తాళం వేశారని చెప్పి కళ్ళు దించుకుంది. తబిత ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది. తిని ఎన్నాళ్ళయిందే, బుగ్గలు పీక్కుపోయాయి, మా ఇంటికి రా అంది.

క్రేల్ వచ్చి ఈల తిరిగి ఇమ్మన్నాడు. ఊదినట్టు వినపడలేదే అన్నాడు.

ఇంజన్ ఆగడంతో షెడ్డులో మగ్గాలన్నీ ఆగాయి. ఇన్నేళ్ళలో పనివేళ ఎన్నడూ లేని నిశ్శబ్దం. మంత్రిగారు ఒక పెట్టె ఎక్కి ఉపన్యాసం ఇచ్చారు. ఇంజన్‌లో దోషం లేదని, దోషం మనుషుల్లో ఉందని, పార్లమెంటులో అదే చెబుతానని అన్నారు. తర్వాత మగ్గాల దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళందరినీ మెచ్చుకోలుగా చూశారు.

"నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఈ మిల్లు క్రమశిక్షణ. ఇంతమంది ఆడవాళ్ళు ఒక్కచోట ఉండి కూడా, నేను వచ్చినప్పటినుంచి ఒక్కరైనా ఒక్క మాట మాట్లాడలేదు."

డోర్కస్ మూతి మెల్లగా సాగింది, విప్పుకుంది, ముడుచుకుంది. షెడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. కౌంటెస్ విసనకర్ర వెనక మొహం దాచుకుంది.

ఏమందని మంత్రిగారు అడిగారు. అందరూ తబిత వైపు చూశారు.

"దవడ నొప్పండీ, దొరగారూ," అంది తబిత.