నలభై ఒకటో నడక

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు!

ఆషాఢ బహుళ చతుర్దశి. గురజాల మీద ఆకాశం నల్లగా గడ్డకట్టి నిలబడి ఉంది. వాన పడదు, ఎండ రాదు. రెంటచింతల వైపు ఎక్కడో ఒక ఉరుము గొంతులోనే గుర్రుమని ఆగిపోయింది. కూలిన బురుజు కంతలోంచి పట్టపగలు గుడ్లగూబ అరిచింది... ఒకసారి కాదు, మూడుసార్లు! బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా అక్కడినుంచే ఇంటిదారి పట్టాలి. ఆ సందులో నడుస్తున్న ఇరవైమంది ఆడవాళ్ళు మాత్రం ఫోన్లు పైకెత్తి ఆ అరుపును వీడియో తీసుకున్నారు.

"ఎడం పక్క తిరగమాకండి పిన్నీ, తిన్నగా రండి," అంది ముందు నడుస్తున్న యశస్విని, మెడలో వేలాడే చిన్న మైకులో.

'రాచవీధి మందారం' అనే టీవీ సీరియల్‌ను మూడేళ్ళపాటు ఈ ఊళ్ళోనే తీశారు. సీరియల్ అయిపోయి మూడేళ్ళయినా దాని పిచ్చి వదలలేదు. విజయవాడ నుంచి, గుంటూరు నుంచి జనం వచ్చి, కథానాయిక కూర్చుని ఏడ్చిన అరుగును తడిమి చూస్తారు. అత్తగారు కోడలి మీద గంజి కుమ్మరించిన వంటింటి ముందు నిలబడి కళ్ళొత్తుకుంటారు. తమ ఇళ్ళలో కోడళ్ళ గతి ఏమిటో ఆ కళ్ళకు కనిపించదు, అది వేరే సంగతి. వాళ్ళందరినీ వీధులవెంట నడిపించి చూపించడమే యశస్విని ఉద్యోగం.

ఆ నడకలకు యజమాని ఫణీంద్ర. హైదరాబాదు నుంచి సీరియల్‌వాళ్ళతో వచ్చి ఇక్కడే ఆగిపోయాడు. సీరియల్లో మంత్రగాడి వేషం వేసినతనికి బీజాక్షరాలు పలికించడం, నేలమీద యంత్రాలు గీయించడం అప్పట్లో అతని పని. "అంతా నటనేనమ్మా!" అనేవాడు. నిజానికి అతను నటించింది ఆ ఒక్క మాటలోనే. సెట్టు మీద గీసినవన్నీ నిజమైన యంత్రాలు... పలికించినవన్నీ శ్మశానంలో సాధించిన మంత్రాలు!

అతని నడకకు కట్టుబాట్లు ఎక్కువ. రోజుకు ఒక్కటే నడక, అదీ మిట్టమధ్యాహ్నం. ఏడు మజిలీలు. దారి వెంట్రుకవాసి మారకూడదు. ఆఖరి మజిలీ ఊరవతలి ఎండిపోయిన దిగుడుబావి. అక్కడ ప్రతి ఒక్కరూ చెప్పులు విడిచి మొదటి మెట్టు మీద కుడికాలు మోపాలి. సీరియల్లో కొత్తకోడలు మోపిన మెట్టు అది మరి! ఫోటో కోసం ఒకరినొకరు తోసుకునేవాళ్ళు. ఆ రోజు నలభయ్యో నడక.

యశస్విని ఈ పనిలో చేరింది జీతం కోసం కాదు. ఆమె అక్క తేజస్వి ఆ సీరియల్లో కథానాయికకు డూపు. బావిలోకి దూకాలన్నా, మెట్ల మీదనుంచి దొర్లాలన్నా తేజస్వే. షూటింగు ఆఖరి రోజున ఆ పిల్ల కనిపించకుండా పోయింది. కెమెరా కుర్రాడితో మాచర్ల బస్సెక్కుతుంటే కళ్ళారా చూశానని చెప్పింది ఫణీంద్రే. ఊరంతా నమ్మింది. లేచిపోయింది అన్నారు. ఆ మాట పుట్టిన రోజు నుంచీ తల్లి సరస్వతమ్మను ఒక్క పేరంటానికీ పిలవలేదు. సీరియల్‌వాళ్ళెవరైనా తిరిగి వస్తే అక్క జాడ చెబుతారేమోనన్న ఆశతో యశస్విని ఈ వీధులు తిరుగుతోంది.

దిగుడుబావి వచ్చింది. నరసరావుపేట నుంచి వచ్చిన కొత్త పెళ్ళికూతురు లిఖిత నవ్వుతూ మొదటి మెట్టు మీద కుడికాలు పెట్టింది.

అంతే...! ఆమె నవ్వు సగంలో తెగిపోయింది. వెన్ను విల్లులా వెనక్కి వంగింది. కనుగుడ్లు పైకి పోయి తెల్లగుడ్లు మాత్రం మిగిలాయి. జడ దానంతట అదే విడివడి ముఖం మీద పడింది. ఆ జుట్టు సందులోంచి ఒక గొంతు వచ్చింది. అది లిఖిత గొంతు కాదు!

"ఏమే బుల్లీ! రోజూ ఇంతమంది చేత నా నెత్తిన తొక్కిస్తన్నావేందే?"

యశస్విని మెడలోని మైకు ఆపేసింది. తనను బుల్లీ అని పిలిచే మనిషి ఈ భూప్రపంచంలో ఒక్కతే ఉండేది.

"నేను ఏ బస్సూ ఎక్కలేదే... యాడికీ పోలేదే! ఈ మెట్టు కింద నా తలకాయ ఉందే. వాడు నా నోట్లో మట్టి కుక్కేటప్పటికి నాకింకా ఊపిరాడతానే ఉంది... అమ్మా అని చానాసేపు అరిచానే! మీరు నడిచేది దారి కాదు, వాడు గీసుకున్న యంత్రం. నలభై ఒక్క రోజులు పరాయి కాళ్ళు తొక్కితే నేను వాడికి బంటునైపోతా. రేపటితో నిండుద్ది! రేపు వాడు చూపించిన మనిషిని నేను చంపాల. మొదట మన ఇంటి నెత్తురే తాగాలంట... నిన్నే చూపిస్తాడే బుల్లీ!"

బావి లోపలి నుంచి ఫణీంద్ర పరుగున వచ్చాడు. పిడికెడు బూడిద లిఖిత ముఖాన కొట్టాడు. ఆమె కీచుమని అరిచి, విరుచుకు పడిపోయింది. "వడదెబ్బ! మజ్జిగ పట్టండి," అన్నాడు జనంతో. ఆ గొంతు కూడా నడకలో ఒక ఆటే అనుకున్నారో ఏమో, ఆకాశంలో ఎండ పొడే లేకున్నా అందరూ తల ఊపారు. తరువాత అతను యశస్విని చెవి దగ్గరికి వంగాడు.

"విన్నావుగా. రేపు రాకపోయావో, ఇదే మెట్టు మీద మీ అమ్మను నడిపిస్తాను. నాకు మీ ఇంటి రక్తం కావాలి. ఎవరిదైనా ఒకటే!"

సాయంత్రం యశస్విని ఇంటికి వచ్చి అంతా చెప్పింది. తండ్రి లారీ మీద ఒరిస్సా పోయి ఉన్నాడు. సరస్వతమ్మ ఏడుస్తుందనుకుంది. ఆమె ఏడవలేదు. కూతురు చచ్చిందని తెలిసిన ఆ నిమిషంలో ఆ తల్లి కళ్ళలో దుఃఖం కంటే ముందు పగ పుట్టింది. కడుపులో మూడేళ్ళుగా నానిన అవమానమంతా ఆ పగకు ఎరువైంది.

"తవ్విద్దామమ్మా," అంది యశస్విని.

"తవ్వితే ఎముకలొస్తయ్. వాడు బతికున్నంతకాలం అది వాడి గుప్పిట్లోనే ఉంటది," అంది సరస్వతమ్మ. దీపం వత్తి ఎగదోస్తూ అడిగింది. "నాలుగో మజిలీ మన పేరంటాలమ్మ కాడే గదా? ఆ రాయికి వాడు ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు, దానికి ఫ్లెక్సీ కట్టాడు. షూటింగోళ్ళు దాని చుట్టూ పన్నెండు ప్లాస్టరు రాళ్ళు పెట్టి వదిలిపోయారు గదా. అదీ ప్లాస్టరే అనుకుంటన్నాడు."

సరస్వతమ్మ నవ్వింది. మూడేళ్ళలో మొదటిసారి! ఆ నవ్వు వింటే ఎంతటి మంత్రగాడికైనా చలిజ్వరం రావాలి.

పేరంటాలమ్మ ఎన్ని వందల ఏళ్ళ కిందటి ఇల్లాలో ఎవరికీ తెలియదు. పసుపు కుంకుమలతో పోయి, ఊరికి వేల్పుగా నిలిచింది. ఆ ఊళ్ళో శ్రావణమాసం నోములకు తొలి పిలుపు ఆమెకే. ఆషాఢ అమావాస్య నాడు పొద్దు పొడవకముందే వెళ్ళి, రాయికి బొట్టు పెట్టి పిలిచి, ఆ తరువాతే మిగతా ఇళ్ళకు పోతారు. సీరియల్ జనం చేరినప్పటి నుంచి, ఆ సందులో అడుగుపెట్టలేక ఆడవాళ్ళు ఆ పిలుపు మానుకున్నారు. పిలవని పేరంటానికి మనుషులే రారు, వేల్పు ఎందుకు వస్తుంది? కానీ బొట్టు పెట్టి పిలిస్తే మాత్రం రాకుండా ఉండదు. వచ్చాక వట్టి చేతులతో పంపకూడదు.

"తన యంత్రంలోకి ఆయమ్మను వాడే తీసుకొచ్చి పెట్టుకున్నాడు. బావిదాకా దారి కూడా వాడే వేసిచ్చాడు. పిలిచే మనిషే లేక ఆగింది," అంది సరస్వతమ్మ. "నువ్వు పోయి పిలువు. నేను కనపడితే వాడికి అనుమానమొస్తది, నా పేరున నువ్వే వాయనం ఇయ్యి. నేనిక్కడ దీపం కాడ కూచుంటా."

"ఏం వాయనం ఇయ్యాలమ్మా?"

"ఏం ఇయ్యాలో నీకు తెలుసు," అంది తల్లి.

అమావాస్య తెల్లవారుజామున యశస్విని ఒంటరిగా వెళ్ళింది. ఫ్లెక్సీ పైకెత్తి, రాయిని కడిగి, పసుపు పూసింది. కుంకుమ దిద్దింది. రవికెల గుడ్డ పెట్టి చేతులు జోడించింది.

"తల్లీ! మజ్జానం దిగుడుబావి కాడ మా ఇంటి పేరంటం. మా అమ్మ సరస్వతమ్మ పిలుస్తా ఉంది. తప్పకుండా రావాల."

అరచేతి కింద రాయి వెచ్చగా తగిలింది, జ్వరం వచ్చిన మనిషి నుదురులాగా. ఆమె ఫ్లెక్సీని మళ్ళీ యథాప్రకారం దించి ఇంటికి వచ్చింది.

మధ్యాహ్నం నలభై ఒకటో నడక మొదలైంది. ఆకాశం నిన్నటికంటే నల్లబడింది. కుక్కలన్నీ ఊరవతలికి పోయాయి. యశస్విని మైకులో కథ చెబుతూనే ఉంది... ఇక్కడ కోడలు స్పృహ తప్పింది, ఇక్కడ మరిది తాగి పడిపోయాడు... నాలుగో మజిలీ దాటాక ఆమె వెనుక ఒక కొత్త చప్పుడు మొదలైంది. రాతిమీద వెండి మెట్టెల చప్పుడు! వచ్చినవాళ్ళందరి కాళ్ళకూ చెప్పులున్నాయి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

జనం మెట్టు తొక్కి, ఫోటోలు దిగి, వాన వచ్చేలా ఉందని బండ్ల వైపు పరుగులు తీశారు. ఫణీంద్ర ఇనుప గేటు వేశాడు. మొదటి మెట్టు పెకలించి, మట్టి తోడి, రెండు చేతులతో బయటికి తీశాడు... కపాలం! నోటి నిండా ఎర్రమట్టి కుక్కిన కపాలం!

అక్క... యశస్విని ఆ మట్టి నోటివైపే చూసింది. భయం అంతటితో అయిపోయింది. ఇక ఆమెలో మిగిలింది కసి మాత్రమే.

అతను ఒక చేత్తో కపాలం పట్టుకుని, ఒక చేత్తో యశస్వినిని బావి అడుగుకు ఈడ్చుకుపోయి నల్లగుడ్డ పరిచాడు. కపాలానికి నిమ్మకాయ రసం, కోడి నెత్తురు పోశాడు. "ఓం హ్రీం... భిన్ధి భిన్ధి... భక్షయ భక్షయ!" ఫెళఫెళార్భటులతో ఉరుములు బావిలోకి దొర్లాయి. కపాలం కంటిగుంటల్లో నీలిమంటలు భగ్గుమన్నాయి.

"లే తేజస్వీ! నువ్విక నా దాసివి! ముందు దీని నెత్తురు తాగు!"

మంచులాంటి వేళ్ళు యశస్విని గొంతు చుట్టూ బిగిశాయి. అవి బిగుస్తూనే వణుకుతున్నాయి. చంపలేక, ఆగలేక అక్క ఏడుపు ఆ వేళ్ళలో ఆమెకు తెలుస్తోంది. ఊపిరి ఆగిపోతున్నా యశస్విని పైమెట్ల వైపే చూసింది. చూసి చేతులు జోడించింది.

"రండమ్మా... దయచేయండి!"

ఫణీంద్ర తల ఎత్తాడు. పైన గేటు వేసే ఉంది. మనిషి లేదు. కానీ నల్లటి మెట్ల మీద ఒక్కొక్కటిగా... తడి తడిగా... పసుపు పాదాలు పడుతున్నాయి! ఒక్కో మెట్టూ దిగుతున్నాయి! మెట్టెల చప్పుడు బావినంతా నింపుతోంది!

గొంతు మీది వేళ్ళు వదిలేశాయి.

"ఎవరది? ఎవర్ని తెచ్చావే?" అని ఫణీంద్ర అరిచాడు.

"మా పేరంటాలమ్మను."

"ఆ... ఆ ప్లాస్టర్ రాయా?"

"ప్లాస్టరువి మీ పన్నెండురా! పదమూడోది మా ఊరిది!"

అతను స్తంభన మంత్రం పలికాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. బూడిద విసిరాడు, అది తిరిగొచ్చి అతని కళ్ళలోనే పడింది. పారిపోవాలని లేచాడు. కాళ్ళు మాట వినలేదు. ఊరి వీధుల మీద తాను గీసిన యంత్రం ఆకారాన్నే అవి పట్టుకున్నాయి. బావి అడుగున గుండ్రంగా, మలుపు మలుపుకూ తిరుగుతూ, మోకాళ్ళు చిట్లుతున్నా ఆగకుండా నడిచాడు. నలభై ఒక్క చుట్లు! ఆఖరి చుట్టుకు కపాలం ముందు బోర్లా పడ్డాడు. పసుపు పాదాలు వచ్చి అతని తల దగ్గర ఆగాయి.

"యశస్వినీ! కాళ్ళు పట్టుకుంటా... ఆపమను!" అని ఏడ్చాడు.

ఆ పిల్లకు జాలి కలగలేదు. కలిగి ఉంటే ఆమెను మెచ్చుకునేవాళ్ళు ఉంటారేమో, ఈ కథ చెప్పేవాడు మాత్రం మెచ్చుకోడు. ఆమె చున్నీ చెంగు ముందుకు పట్టి నిలబడింది.

"మా అమ్మ పేరున... ఇస్తినమ్మ వాయనం!"

గాలిలోంచి, రాతిలోంచి, నేల లోపలి నుంచి ఒక ఆడగొంతు పలికింది. "పుచ్చుకొంటినమ్మ వాయనం!"

ఫణీంద్ర పాదాలు కర్పూరంలా అంటుకున్నాయి.

"ఇస్తినమ్మ వాయనం!"

"పుచ్చుకొంటినమ్మ వాయనం!"

మంట నడుము దాకా ఎగబాకింది. అతని అరుపుకు బురుజులోని గుడ్లగూబ ఎగిరిపోయింది.

"ముమ్మాటికీ... ఇస్తినమ్మ వాయనం!"

"ముమ్మాటికీ... పుచ్చుకొంటినమ్మ వాయనం!"

పిడుగు పడింది! యశస్విని మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఫణీంద్ర లేడు. గుప్పెడు మసి ఉంది. దాని మీద వాన మొదలైంది. మెట్టెల చప్పుడు నెమ్మదిగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

యశస్విని అక్క నోట్లోని మట్టిని వేలితో కొంచెం కొంచెంగా తీసింది. వాననీళ్ళతో కడిగింది. చున్నీలో చుట్టి గుండెకు హత్తుకుని ఇంటికి నడిచింది. దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది.

సరస్వతమ్మ దీపం ముందే కూర్చుని ఉంది. కూతురు ఒడిలో పెట్టిన మూటను విప్పలేదు. చేత్తో తడిమింది.

"వాడు అరిచాడా?"

"అరిచాడమ్మా."

"నా బిడ్డ అరిచినంత అరిచాడా?"

"ఇంకా ఎక్కువే."

సరస్వతమ్మ లేచింది. మూటను చంకన ఎత్తుకుంది, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. వీధి తలుపులు రెండూ బార్లా తెరిచి, కుండపోత వానలోకి వెళ్ళి, నడివీధిలో నిలబడి అరిచింది.

"నా పెద్దది లేచిపోయిందన్న అమ్మలక్కల్లారా! బయటికి రండే! రండి... నా కూతురు ఇంటికొచ్చింది!"