రొమ్ము ఎక్స్‌రే గదిలో నిట్టూర్పు

ఆ ఆసుపత్రిలో వరండా చివరి గది అంటే ఆయాలకి కూడా హడలే. రొమ్ము ఎక్స్‌రేలు తీసే గది అది. చీకటి పడ్డాక, అందరూ వెళ్ళిపోయాక, లోపల ఎవరో నిట్టూరుస్తారట... బిగపట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలినట్టు — ఉస్స్! — అని.

మన కండక్టరమ్మకి దెయ్యాలంటే లెక్కలేదు. ఆవిడ గొంతు విప్పితే బస్సంతా గప్‌చిప్. కానీ మొన్న తీసిన ఎక్స్‌రేలో చంక దగ్గర తెల్లటి చుక్కలు కనిపించాయనీ, మళ్ళీ తీయాలనీ డాక్టరమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచీ పాపం ఆవిడకి ముద్ద దిగడం లేదు.

డ్యూటీ దిగి వచ్చేసరికి చీకటి పడింది. తోడుగా తోడికోడలు వచ్చింది. "నువ్వూ తీయించుకోవే" అని ఎంత బతిమాలినా ససేమిరా అనే మనిషి.

"నేను బయటే ఉంటానక్కా. చంపినా లోపలికి రాను."

టెక్నీషియన్ అమ్మాయి తడిగుడ్డతో కండక్టరమ్మ చంకలు శుభ్రంగా తుడిచి, యంత్రం ముందు నిలబెట్టింది. పైనుంచి పలక దిగి రొమ్మును అదిమిపట్టింది. ఒకటి తీయడం అయింది.

"ఇంకొక్కటే. కదలకండి... ఊపిరి బిగపట్టండి..."

టప్పున కరెంటు పోయింది. పలక మాత్రం పట్టు వదల్లేదు.

చిమ్మచీకటి. బట్టలు మార్చుకునే తెర వెనక... ఎవరో గుసగుసలాడారు.

"కదలకు... ఊపిరి బిగపట్టు..."

"ఇంకా బిగపట్టాలా అమ్మాయ్?"

"అన్నది... నేను కాదండీ," అంది టెక్నీషియన్.

ఉస్స్!

పారిపోదామంటే పలక పట్టుకునుంది. కండక్టరమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. భయంలో నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ఎవరది? దిగేవాళ్ళు ముందు దిగండి!"

కరెంటు వచ్చింది. టెక్నీషియన్ పలక ఎత్తేసి, ధైర్యం చేసి తెర లాగింది.

తోడికోడలు! గోడకి ఛాతీ ఆనించి, చేతులు పైకెత్తి, బుగ్గలు పూరించుకుని నిలబడి ఉంది.

"బయట ఒక్కదాన్నీ ఉండలేకపోయానక్కా. మరీ... నావల్ల అవుతుందో లేదో చూసుకుంటున్నా. నీ తర్వాత నాకూ తీయమను, మళ్ళీ మనసు మారకముందే."

మిగిలిన ఆ ఒక్కటీ తీశాక డాక్టరమ్మ వచ్చింది. కంప్యూటర్ తెరమీద చాలాసేపు చూసింది.

"చుక్కల్లేవు. మొన్న పౌడర్ పూసుకొచ్చారా?"

"చెమట కంపు కొడుతున్నానని... డబ్బా సగం కుమ్మరించుకున్నానండీ."

"ఆ పౌడరే అలా కనిపించింది. మీకేం లేదు. హాయిగా ఇంటికెళ్ళండి."

కండక్టరమ్మ ఇన్నాళ్ళుగా గుండెల్లో దాచుకున్న ఊపిరంతా ఒక్కసారిగా వదిలింది.

ఉస్స్!

వరండాలో బకెట్టు ఢామ్మని పడింది. ఆ వెంటనే, "అమ్మో, మళ్ళీ నిట్టూర్చిందే!" అంటూ ఆయా పరుగెత్తిన చప్పుడు.