ఎర్రకాళ్ల డేగలు వాలే గుహ

పదకొండు డేగలు! హైమావతి మూడుసార్లు లెక్కపెట్టింది. నల్లమలలో దొంగలవాగు లోయ మీద, సాయంత్రపు ఎండలో, అవి ఉసిళ్లను గాలిలోనే పట్టి తింటూ తిరుగుతున్నాయి. పావురమంత ఒళ్లు, బూడిదరంగు వీపు, నిప్పుకణికల్లాంటి ఎర్రటి కాళ్లు. సందేహం లేదు, అముర్ డేగలే! సైబీరియా నుంచి ఆఫ్రికా దాకా సముద్రం దాటి వలసపోయే పక్షులు. మార్కాపురంలో జంతుశాస్త్రం చెప్పే హైమావతి పదిహేనేళ్లుగా ప్రతి శరత్కాలంలో ఈ అడవికి వస్తూనే ఉంది. ఈ చుట్టుపక్కల వాటిని చూశామన్నవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు. ఆ సంతోషంలో ఫోటోలతో సహా, లోయ పేరుతో సహా, పక్షులు చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

నాలుగో రోజు జగ్గారావు అనే ఆయన ఫోన్ చేశాడు. "మేడం, ఆ డేగల్ని ఒక్కసారి చూపిస్తే జన్మంతా గుర్తుపెట్టుకుంటాను," అన్నాడు మర్యాదగా. ఆ మాట నమ్మి, ఆదివారం పొద్దున్నే అతన్నీ, అతని వెంట వచ్చిన ఇద్దర్నీ అడవిలోకి తీసుకెళ్లింది హైమావతి. దారి చూపడానికి చెంచుగూడెం నుంచి ఈరమ్మ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, అడవిలో ప్రతి రాయీ తెలిసిన మనిషి. అటవీశాఖ వాచర్ సాల్మన్ తోడు వచ్చాడు.

మధ్యాహ్నానికి మనుషుల అలికిడి లేనంత లోపలికి వెళ్లాక, జగ్గారావు సంచిలోంచి కెమెరా తీయలేదు. రివాల్వర్ తీశాడు.

"ఎవరూ కదలొద్దు!"

సాల్మన్ కర్ర ఎత్తి ముందుకు దూకాడు. జగ్గారావు మనిషి ఓబులు సంచిలోంచి లాగిన పొట్టి గునపం అంతకంటే వేగంగా లేచింది. అది సాల్మన్ భుజం మీద పడినప్పుడు ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. సాల్మన్ అరవనైనా లేక మోకాళ్ల మీద కూలిపోయాడు.

"ఒరేయ్! మనుషులేనా మీరు?" హైమావతి అతని దగ్గరికి పరిగెత్తబోయింది. మూడోవాడు, డ్రైవర్ కేశవులు, ఆమె జుట్టు పట్టి వెనక్కి లాగాడు.

జగ్గారావు జేబులోంచి చిలుం పట్టిన రాగిరేకు ఒకటి తీశాడు. "నిధి కోసం పన్నెండేళ్లు తవ్వాను ఈ అడవిని. 'కార్తీకమున ఎర్రకాళ్ల డేగలు వాలు బిలమున, ఉత్తరపు గోడ వెనుక' అని రాసుంది ఇందులో. ఏ డేగకైనా పసుపు కాళ్లే కదా, ఎర్రకాళ్ల డేగ ఏమిట్రా అని అందరూ నవ్వారు. నువ్వు పెట్టిన ఫోటో చూశాక నాకు మూడు రోజులు నిద్ర పట్టలేదు మేడం. నడువు! రాత్రికి అవి ఎక్కడ వాలతాయో చూపించు."

గ్రూపులో తాను పెట్టిన ఫోటోలు, లోయ పేరు హైమావతికి గుర్తొచ్చాయి. తన చేత్తోనే వీళ్లకు దారి చూపించింది.

"చూపించకపోతే?"

జగ్గారావు రివాల్వర్ గొట్టం సాల్మన్ మోకాలికి ఆనించాడు.

నడక మొదలైంది. ఈరమ్మ తన చీర చెంగు చించి సాల్మన్ చేతిని ఛాతీకి కట్టింది. అతను అడుగడుక్కీ తూలుతున్నాడు. ముళ్లకంపలు కాళ్లు చీరాయి. వాగు దాటేటప్పుడు సాల్మన్ పడిపోతే, ఓబులు డొక్కలో తన్ని లేపాడు. హైమావతి కావాలనే వాళ్లను లోయకు తూర్పుగా, డేగలు తిరిగిన చోటికి దూరంగా నడిపించింది. చీకటి పడేదాకా తిప్పితే చాలు, తర్వాత ఏదో ఒక దారి దొరక్కపోదనుకుంది.

కానీ డేగలే ఆమె ఆశ మీద నీళ్లు చల్లాయి. పొద్దు వాలుతుండగా ఉత్తరపు గట్టు మీదుగా అవి వచ్చాయి. పదకొండు కాదు, వందలు! ఆకాశం నల్లటి చుక్కలతో నిండిపోయింది. అన్నీ ఒక్కసారిగా సుడి తిరిగి పడమటి కొండచరియ వైపు దిగాయి. అంత భయంలోనూ హైమావతి చూస్తూ ఉండిపోయింది.

జగ్గారావు కూడా చూశాడు. వచ్చి ఆమె చెంప మీద ఛెళ్లున కొట్టాడు. పెదవి చిట్లి నోట్లోకి నెత్తురు వచ్చింది.

"నన్నే తిప్పుతావా? పదండి అక్కడికి! పరుగెత్తండి!"

కొండచరియ కింద నల్లగా నోరు తెరుచుకుని గుహ ఉంది. దాని ముందున్న ఎండు చెట్ల నిండా డేగలు. గుహ నెత్తిన, వంగిన బండకు, తలుపు రెక్కలంత పెద్ద తేనెపట్లు ఏడు వేలాడుతున్నాయి. ఓబులు సంచిలోంచి మందుగుండు తీయడం చూసి ఈరమ్మ అడ్డం పోయింది.

"ఈడ పేల్చమాక అయ్యా. కొండ ఈగలు లేస్తయ్. లేస్తే మనిషి ఆనవాలు కూడా మిగలదు."

"ఈగలకు భయపడి బంగారం వదిలేయమంటావా ముసలీ?" జగ్గారావు నవ్వి ఆమెను పక్కకు నెట్టాడు.

ఈరమ్మ సాల్మన్‌ను ఒక బండ వెనక పడుకోబెట్టి, భుజం మీదున్న తన కంబళి తీసి తల నుంచి కాళ్ల దాకా కప్పింది. "పేలిన సప్పుడైతే ముఖం బయట పెట్టమాక. సచ్చినోడి మాదిరి పడుండు," అని చెవిలో చెప్పింది. కేశవులును అతనికి కాపలా పెట్టి, మిగిలిన నలుగురూ గుహలోకి వెళ్లారు.

లోపల గబ్బిలాల కంపు. టార్చి వెలుగులో ఉత్తరపు గోడ కనిపించింది. అది కొండరాయి కాదు, మనుషులు చెక్కి పేర్చిన గోడ. ఓబులు రాళ్ల సందుల్లో మందు కూరి వత్తి అంటించాడు. అందరూ మలుపు వెనక బోర్లా పడుకున్నారు.

భూమి అదిరింది. చెవులు మూసుకుపోయాయి. దుమ్ములోంచి వేల గబ్బిలాలు లేచి ముఖాలకు కొట్టుకున్నాయి. అదే క్షణంలో బయటి నుంచి ఒక హోరు, వరద లాంటి హోరు వినిపించింది. దాని మీదుగా కేశవులు కేక. "అమ్మా! చచ్చిపోయాను! కాపాడండ్రోయ్!"

జగ్గారావు వెనక్కి తిరిగి చూడనైనా లేదు. కూలిన గోడ వెనక, పగిలిన మట్టి కాగుల్లోంచి బంగారు నాణేలు జారి నేల మీద కుప్ప పడుతున్నాయి. టార్చి వెలుగుకు గుహ అంతా పచ్చగా మెరిసింది. ఓబులు వెర్రికేక వేసి ఆ కుప్ప మీద పడ్డాడు. దోసిళ్లతో ఎత్తి చొక్కాలో పోసుకోసాగాడు.

"తీయకు! అక్కడ పెట్టు!"

"సగం నాది అన్నా! మందు పెట్టింది నేను!"

రివాల్వర్ పేలింది. ఓబులు నాణేల మీదే వెల్లకిలా పడ్డాడు. అతని కాళ్లు రెండుసార్లు తన్నుకుని ఆగిపోయాయి. పైకప్పు నుంచి తలకాయంత రాయి ఊడి పక్కనే పడింది.

జగ్గారావు మెల్లగా ఆడవాళ్ల వైపు తిరిగాడు. అతని కళ్లలో ఏముందో హైమావతికి అర్థమైంది. ఇది చూసినవాళ్లను అతను బతకనివ్వడు.

ఈరమ్మ చేతికందిన రాయి విసిరింది. అది సూటిగా అతని మణికట్టుకు తగిలింది. రివాల్వర్ మరోసారి పేలి ఎటో ఎగిరిపోయింది. జగ్గారావు వంగి దాన్ని వెతుక్కునేలోగా హైమావతి ఓబులు గునపం అందుకుంది. జీవితంలో చీమనైనా కావాలని తొక్కని మనిషి, రెండు చేతులా గునపం ఎత్తి అతని మోకాలి మీద బలమంతా పెట్టి కొట్టింది. జగ్గారావు అరుస్తూ కూలాడు. పడ్డవాడు ఆమె చీలమండ పట్టుకున్నాడు. ఆమె మళ్లీ కొట్టింది. పట్టు వదిలింది.

పైన బండలు కిర్రుమన్నాయి.

"లెయ్యి బిడ్డా! కప్పు కూలతాంది!" ఈరమ్మ ఆమె చెయ్యి పట్టి గుంజింది.

"గుహ నోటి దగ్గర ఈగలున్నాయి, ఎటు పోతాం?" హైమావతి నేల మీద పడ్డ టార్చి తీసి పైకి తిప్పింది. గబ్బిలాలు గుహ నోటి వైపు పోవడం లేదు. వెనక మూలనున్న ఒక బీటలోకి పొగలా దూరిపోతున్నాయి. "అటు! వాటి వెనకే! అక్కడ దారి ఉంది!"

ఆ బీటలో ఒళ్లు ఒరుసుకుంటూ, గోళ్లు ఊడేలా రాయి పట్టుకుంటూ ఇద్దరూ పైకి పాకారు. కింద జగ్గారావు గొంతు వినిపిస్తూనే ఉంది. "మేడం! మేడం, నన్ను లాగండి! సగం మీకిస్తాను! అంతా మీకే ఇస్తాను!" హైమావతి ఆగింది. ఒక కాలు కిందికి దించింది కూడా. అప్పుడే కొండ కడుపులో పిడుగు పడినట్టయింది. గొంతు ఆగిపోయింది. బీటలోంచి దుమ్ము తన్నుకొచ్చి ఇద్దర్నీ కప్పేసింది.

బయటపడేసరికి ఇంకా మసక వెలుతురుంది. కొండ నెత్తిన బోర్లా పడి ఇద్దరూ దగ్గుతూ ఉండిపోయారు. నెత్తి మీద చెదిరిన డేగలు కీచుగా అరుస్తూ తిరుగుతున్నాయి. హైమావతి గునపం ఎత్తిన తన చేతుల కేసి చూసుకుని ఏడ్చింది.

"అతను పిలిచాడు ఈరమ్మా. నేను దిగి ఉండాల్సింది."

"దిగుంటే నువ్వూ ఆడనే ఉండేదానివి," అంది ఈరమ్మ. ఆమె వీపు నిమిరింది.

ఈగలు సద్దుమణిగాక కిందికి దిగారు. గుహ నోరు బండలతో పూడిపోయింది. సాల్మన్ కంబళి కింద ప్రాణాలతో ఉన్నాడు. కాళ్ల మీద తప్ప కాట్లు లేవు. కేశవులు వాగు మడుగులో గొంతుదాకా మునిగి మూలుగుతున్నాడు. ముఖం వాచి కళ్లు కనిపించడం లేదు. ఈరమ్మ అతన్ని బయటికి ఈడ్చి, కొండీలు గీకి తీసింది. తెల్లారాక ఏదో ఆకు నూరి పూసింది. తర్వాత వెదురు గడకు కంబళిని జోలెలా కట్టి సాల్మన్‌ను అందులో పడుకోబెట్టింది. ముందు కొస తన భుజానికెత్తుకుని, వెనక కొస కేశవులు భుజాన పెట్టి, "నీ కండ్లు నేనైత. నడువు. వీణ్ణి మొయ్యి," అంది. అతను సాల్మన్‌ను మోశాడు.

రాత్రి వీళ్లు తిరిగి రాలేదని గూడెం వాళ్లు కబురు పెట్టారు. రోడ్డు మీద పోలీసు జీపు, అంబులెన్సు, వాటి వెనక అప్పుడే పోగైన జనం. ఇన్‌స్పెక్టర్ అంతా రాసుకున్నాడు. రాగిరేకులో ఏం రాసుందో, రెండు శవాలు ఎక్కడున్నాయో, ఎవరు ఎవర్ని కాల్చారో, గునపం ఎవరు ఎత్తారో, హైమావతి ఒక్కటీ దాచకుండా చెప్పింది.

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆపి తలెత్తాడు. "మరి నిధి సంగతేమిటి మేడం? గోడ వెనక ఏమైనా కనిపించిందా?"

జనం ముందుకు వంగారు. సాల్మన్‌కు తెలియదు, అతను బయటే ఉన్నాడు. కేశవులుకూ తెలియదు. హైమావతి కళ్లముందు పచ్చటి కుప్ప మెరిసింది, దాని మీద వెల్లకిలా పడ్డ మనిషీ మెదిలాడు. ఒక్క మాట చాలు. వచ్చే కార్తీకానికి ఈ లోయ నిండా మందుగుండు సంచులే ఉంటాయి.

ఆమె ఈరమ్మ వైపు చూసింది. ఈరమ్మ నేల చూపులు చూస్తోంది.

"ఏమీ లేదు సార్," అంది హైమావతి చిట్లిన పెదవితో. "మట్టి. గబ్బిలాల పెంట. అంతే."

జనం నిట్టూర్చి ఒక్కొక్కరే కదిలిపోయారు. ఈరమ్మ అప్పుడు తలెత్తి, దుమ్ము కొట్టుకున్న తన చేత్తో హైమావతి చెయ్యి గట్టిగా పట్టుకుంది.