నీలం పిండి తిన్న ఎలుకలు

మొదట చచ్చింది ఎలుక. ఆ తర్వాత మనిషి.

బోధన్ శివారులో డచ్చి దొర బంగళా ఉంది. దాని తోట వెనక కొట్టంలో తోటమాలి సిద్దిరాములు బోర్లా పడి ఉన్నాడు. పిడికిలి విప్పి చూస్తే చచ్చిన చిట్టెలుక. మడమ మీద చిన్న గాటు. పాము కరిచిందని డాక్టరు తేల్చాడు. మరునాడు గులాబీలకు వేరొకరు నీళ్లు పోశారు.

సిద్దిరాములు అసలు తోటమాలి కాడన్న సంగతి నిజామాబాద్‌లో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ ఇప్పుడు రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో ఎదురెదురుగా కూర్చున్నారు.

"పాముకు కోరలెన్ని?" అడిగాడు చీఫ్.

"రెండు, సాబ్."

"మనోన్ని కరిచిన పాముకు ఒక్కటే ఉన్నది."

ఏజెంట్ లక్ష్మీరాజం తల దించుకున్నాడు. తాళాలు తియ్యడం, వేషాలు కట్టడం అతనికి నేర్పింది సిద్దిరాములే. చీఫ్ ముందు కళ్లు తుడుచుకోవడం డిపార్ట్‌మెంట్‌లో ఆనవాయితీ కాదు. అయినా తుడుచుకున్నాడు.

"డాక్టర్ వాన్ హోల్ట్," చీఫ్ గొంతు తగ్గించాడు. "మొక్కల డాక్టర్నని చెప్పుకుంటడు. అసలు నౌకరీ బ్లూ యాంకర్ సిండికేట్‌ల. సముద్రం అవతల నుంచి మనకు చక్కెర అమ్మి బతికే ముఠా. నిజాంసాగర్ నీళ్లొచ్చినంక ఈడ చెరుకు పండుతున్నది. ఈ సీజన్‌ల కొత్త ఫ్యాక్టరీ నడుస్తది. అది నడవొద్దని వాళ్ల ప్లాన్. ఎట్ల ఆపుతరన్నది సిద్దిరాములుకు ఎర్కైంది. చెప్పేలోపట పోయిండు."

"చేతిల ఎలుక ఏంది సాబ్?"

"గదే నాకు సమజైతలేదు."

"దొరను పట్టుకొచ్చి అడిగితే?"

"పరాయి దేశపోడు. సబూత్ లేకుండ చెయ్యేస్తే టెలిగ్రాములు హైదరాబాద్ దాకా ఉరుకుతయి. పని చేస్తుండంగనే పట్టాలె. రెడ్ హ్యాండెడ్." చీఫ్ బల్ల కింద నుంచి ఇనుప బోను తీసి ముందు పెట్టాడు. "కొట్టంల ఎలుకలు పట్టెటోడు కావాలని తారాబాయి కబురు పంపింది. నాటకాల కంపెనీ హీరోయిన్. దొర ఆమెను తన మనిషనుకుంటున్నడు."

"మరి మనం?"

"మనం గూడ మన మనిషనే అనుకుంటున్నం."

బోను అడుగున దొంగ అర ఉంది. అందులో రివాల్వర్. స్ప్రింగ్ జర గట్టిది, వేళ్లు జాగ్రత్త అన్నాడు చీఫ్. లక్ష్మీరాజం వినడం లేదు. ఆ తీగల మీదే చూపు నిలిపి ఉన్నాడు. అతనికి తుపాకులంటే లెక్క లేదు, ఎలుకల గీకుడు చెవిన పడితే మాత్రం నిద్రలోంచి లేచి దీపం వెలిగిస్తాడు. డిపార్ట్‌మెంట్‌లో ఈ సంగతి అందరికీ తెలుసు.

"ఇంకోన్ని పంపమంటవా?"

"వద్దు సాబ్. సిద్దిరాములన్న పోయిన కొట్టం. నేనే పోత."

* * *

పొద్దు వాలుతుండగా ఎలుకల ఎర్రన్న వేషంలో బంగళా చేరాడు. వరండాలో అత్తరు వాసన ముందు వచ్చింది, ఆ వెనక జరీ అంచు చీరలో తారాబాయి.

"మీ ఊళ్ల పసుపు ఎండిందా?"

"ఎండింది గని రంగు దిగలేదమ్మా."

కోడ్ కలిసింది. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసిన మగవాడు తన ఇంటి దారి మరిచిపోతాడని ప్రతీతి. లక్ష్మీరాజానికి మాత్రం ఆ నవ్వు వెనక భయం కనబడింది.

హోల్ట్ పొడుగ్గా, పాలిపోయి, నల్ల చేతికర్రతో వచ్చాడు. "చంపొద్దు," అన్నాడు వచ్చీరాని తెలుగులో. "బోనులు తప్పించుకుని కొట్టం నిండా తిరుగుతున్నాయి. బతికున్నవే పట్టు."

ఎలుకలు బతికుండాలని కోరుకున్న మనిషిని లక్ష్మీరాజం పుట్టాక చూడలేదు.

కొట్టంలో పారలు, పూలకుండీలు, గోనె సంచులు. సంచుల వెనక గోడ పొడవునా తీగ బోనులు, వాటి నిండా చిట్టెలుకలు. మూలన డబ్బాలో నీలం రంగు కలిపిన పిండి. మూత మీద పుర్రె బొమ్మ. మేకుకు తగిలించి నల్ల తాడు చుట్ట ఒకటి. అతను వాసన చూశాడు. మందుగుండు దట్టించిన ఫ్యూజ్ తాడు!

డైనమైట్ ఇక్కడ లేదు. ఎప్పుడో ఎక్కడికో చేరింది. ఎక్కడికి? ఈ తాడు ఎత్తుకుపోతే దొర ఇంకొకటి తెప్పిస్తాడు. కోసి పెడితే చూస్తాడు.

చుట్టూ గీకుడు మొదలైంది. గోడలో, సంచుల్లో, నెత్తి మీద దూలంలో. అతని వీపున చెమట పట్టింది. బోనులో పెట్టే ఎర చేతిలోనే ఉంది. వేయించిన పల్లీలు, బెల్లం, నువ్వుల నూనె కలిపి దంచిన ముద్ద. దాన్ని వేలితో తీసి, తాడు చుట్ట లోపలి వరసల్లో, పైకి కనబడనిచోట మెత్తాడు. పుర్రె డబ్బా మూత గట్టిగా బిగించాడు.

జీవితమంతా ఎవరికి భయపడ్డాడో వాళ్ల చేతుల్లోనే ప్రాణం పెట్టి బయటికొచ్చాడు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా!

* * *

తెల్లారేసరికి దొర మోటారు లేదు. కొట్టంలో తాడు లేదు. రెంజల్ సడక్ మీద మాత్రం బండ్లు బారులు తీరి పోతున్నాయి. మంచాలు, కుండలు, కోళ్ల గంపలు, పిల్లలు. చివరి బండి వెనక ఒక ముసలామె నడుస్తోంది.

"యాడికి పోతున్నరవ్వా?"

"తూముపల్లె ఇడిసినం బిడ్డా," అంది ఆ ముసలామె, అంజవ్వ. "ఎలుకలు రాలినయ్. ఇంటింటికి రాలినయ్. పిలేగు మల్లొచ్చింది. కాలువ దాటి గుడిసెలేసుకుంటం. నువ్వటు పోకు."

ఇంట్లో ఎలుక చచ్చి పడితే ప్లేగు వచ్చినట్టే, ఆ పూట పొయ్యి వెలిగించరు. ఊరు ఊరంతా లేచి పొలాలకు వెళ్లిపోతుంది. ఎవరూ చాటింపు వేయక్కర్లేదు. లక్ష్మీరాజానికి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. సిద్దిరాములు పిడికిలిలో ఉన్న సమాధానం ఇప్పుడు అర్థమైంది. పెద్ద కాలువ తూము ఆ ఊరి పక్కనే ఉంది. దాన్ని వంతులవారీగా కాపలా కాసేది ఆ ఊరి మగవాళ్లే.

ఎండ వాలాక ఊళ్లోకి అడుగుపెట్టాడు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. రోట్లో వడ్లు సగం దంచి వదిలేశారు. ఒక ఇంట్లో ఖాళీ ఉయ్యాల గాలికి ఊగుతోంది. కుక్క కూడా మొరగలేదు. ఎక్కడో గోడలో గీకుడు.

అతని చిన్నప్పుడు మాక్లూర్ దగ్గర వాళ్ల ఊరూ ఇట్లాగే ఖాళీ అయింది. కొడుకుకు చలి పెడుతోందని తల్లి గొంగడి కోసం ఇంటికి తిరిగి వెళ్లింది. ఎలుక రాలిన ఇంట్లో కాలు పెట్టినవాళ్లను గుడిసెల్లోకి రానివ్వరు, అది కట్టుబాటు. ఆమె వాగు అవతల గట్టు మీద కూర్చుంది. రోజూ పొద్దుగూకాక, "చిట్టెలుకా, తిన్నవా?" అని కేకేసేది. సన్నగా ఉండేవాడని ఆమె పెట్టుకున్న ముద్దుపేరు. "తిన్ననే అవ్వా" అని ఇటు నుంచి అరిచేవాడు. ఒక సాయంత్రం కేక రాలేదు. ఆ పేరు తెలిసినవాళ్లు ఇప్పుడు ఎవరూ బతికిలేరు.

గడప మీద ఎలుక చచ్చి ఉంది. వేలికొసతో దాన్ని తిప్పాడు. మూతికి నీలం పిండి అంటుకుని ఉంది.

"వదిలెయ్, ఏజెంట్ సాబ్." వెనక తారాబాయి. చేతిలో చిన్న పిస్తోలు. "పని అయిపోయింది. సాయంత్రం నిండు కాలువ వస్తది. తూము లేస్తది. ఈ ఏడు చెరుకు ఎండుతది. అంతే."

"అంతేనా?"

"అరే బాబా, ఎవ్వరు చావొద్దనే కదా ఎలుకల నాటకం! ఊరు ఖాళీ చేసినంక పేలుస్త అని దొర ఒట్టేసిండు. లేకుంటే నేను ఒప్పుకుంటనా?"

"ఖాళీ అయిన ఊరు యాడికి పోతదో అడిగినవా?"

ఆమె నాటకం కంపెనీ పెట్టెల మీద ఊరూరా తిరిగి పెరిగిన మనిషి. ఒక ఊరంటూ ఉన్నవాళ్ల సంగతి ఆమెకు ఎక్కడ తెలుస్తుంది?

"పిలేగు ఎంట రావొద్దంటే నీళ్లు దాటాలె. కాలువ దాటి, కట్ట కింది బీడుల గుడిసెలేసుకున్నరు. తూము పోతే ముందు మునిగేది వాళ్లే, పిల్లలతోని సహా."

పిస్తోలు కిందికి దిగింది. ఆమె ముఖంలో రంగు లేదు.

* * *

కట్ట కింద బీడు ముందు దారికి అడ్డంగా వేపమండలు కట్టి ఉన్నాయి. ఇద్దరూ పరుగెత్తుకొస్తుంటే రాళ్లు పడ్డాయి.

"ఊళ్లెకెళ్లి వచ్చిన్రు! ఆడనే ఆగుండ్రి!" అంజవ్వ కర్ర ఎత్తింది. "మండలు దాటితే తల పలుగుతది!"

"అవ్వా, కట్ట తెగుతది! లెవ్వుండ్రి!"

ఎవరూ కదల్లేదు. లక్ష్మీరాజం మండల దగ్గరే ఆగిపోయాడు. ఇప్పుడు గట్టు అవతల నిలబడ్డది తను.

తారాబాయి అతని భుజం నెట్టింది. "నువ్వు తూముకు ఉరుకు. వీళ్లు నీ మాట ఇనరు. నేను ఇనిపిస్త." అంటూనే కొప్పు విప్పేసింది. జుట్టు ముఖం మీద కమ్మింది. అమ్మవారు పూనినట్టు ఒక్క కేక వేసింది. "నన్ను ఎండబెట్టి ఈడ కూసున్నరా? గడ్డకెక్కుండ్రి! పోశవ్వను చెప్తున్న, గడ్డకెక్కుండ్రి!"

రాళ్లు ఆగిపోయాయి. చేతులు జోడించారు. తల్లి మాట వేరు, మనిషి మాట వేరు. మంచాలు లేచాయి, కాని ముసలివాళ్లూ పసివాళ్లూ ఉన్న గుంపు, ఎంత తొందరగా కదులుతుంది?

కట్ట మీద, తూము గది ముందు హోల్ట్ నిలబడి ఉన్నాడు. ఇనుప చువ్వల తలుపుకు తాళం వేసి, చెవిని కాలువలోకి విసిరేశాడు. ఫ్యూజ్ తాడు కొస ఒకటే చువ్వల బయట ఉంది.

"ఖాళీ ఊరు," అన్నాడు లక్ష్మీరాజాన్ని చూసి. "ఎవరికీ నష్టం లేదు."

"కిందికి సూడు దొరా."

హోల్ట్ చూశాడు. గుడిసెలు, పిల్లలు. ఒక్క క్షణం అతని పెదవులు కదిలాయి. "ఇది నా ప్లాన్‌లో లేదు," అన్నాడు మెల్లిగా. అయినా అగ్గిపుల్ల గీశాడు.

తాడు భుస్సుమంది. లక్ష్మీరాజం మీదికి దూకాడు. చేతికర్ర కొస నుంచి సూది బయటికొచ్చింది. సిద్దిరాములును కరిచిన ఒంటి కోర పాము! రివాల్వర్ తీసే టైమ్ లేదు. బోనునే అడ్డం పెట్టాడు. కర్రతో పాటు దొర చెయ్యి లోపలికి పోయింది, స్ప్రింగ్ పడింది. చీఫ్ అబద్ధమాడలేదు, అది గట్టిదే. హోల్ట్ కేక వేసి కూలబడ్డాడు.

నిప్పు అప్పటికే చువ్వలు దాటింది. లక్ష్మీరాజం భుజం దాకా చెయ్యి దూర్చాడు. అందలేదు. చీకటి గదిలో ఎర్రటి చుక్క పాకుతూ డైనమైట్ పెట్టె వైపు పోతోంది. వెనక కాలువ నిండుగా వస్తున్న చప్పుడు. అతనికి ఇక చెయ్యగలిగింది లేదు. కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు కట్ట కింద నుంచి, పొద్దుగూకేవేళ, ఆడగొంతు ఒకటి వినిపించింది.

"చిట్టెలుకా, తిన్నవా?"

కళ్లు తెరిచాడు. పెట్టెకు జానెడు దూరంలో తాడు సగానికి పైగా కొరికేసి ఉంది. మందుగుండు రాలిపోయి, ఉత్త నూలు పోగులు మిగిలాయి. ఎర్ర చుక్క అక్కడి దాకా వచ్చింది, తడబడింది, ఆరిపోయింది.

"తిన్ననే అవ్వా," అన్నాడు లక్ష్మీరాజం, చువ్వలకు నుదురు ఆనించి.

* * *

గడ్డ మీద తారాబాయి జుట్టు ముడుచుకుంటోంది. గొంతు బొంగురు పోయింది.

"ఆ పేరు నీకెవలు చెప్పిన్రు?"

"ఏ పేరు? గడ్డకెక్కుమన్న. అంతే. వేరే మాటేం అనలేదే!"

అతను అంజవ్వను అడిగాడు. ఆమె వేపమండల అవతల నుంచే తల అడ్డంగా ఊపింది. ఆ మాట గుంపులో ఎవరూ వినలేదు.

హోల్ట్‌ను లాకప్‌లో వేయించి, నిజామాబాద్ వెయిటింగ్ రూమ్‌లో చీఫ్ అంతా విన్నాడు. చివరి సంగతికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు. "గది నీకాడనే పెట్టుకో. పైనోళ్లకు ఎలుకలు తాడు కొరికినయంటేనే నమ్ముడు కష్టం."

"తారాబాయి సంగతేంది సాబ్? ఆమె ఎవరి మనిషని రాద్దాం?"

ఆ రాత్రి గోడలో ఏదో గీకింది. లక్ష్మీరాజం దీపం వెలిగించలేదు. గోడ వారగా కొంచెం బెల్లం పెట్టి, అటు తిరిగి పడుకున్నాడు. కొట్టంలోని ఎలుకలను ఏంచేశారని పొద్దున ఎవరో అడిగితే, తారాబాయి సంగతి అడిగినప్పుడు చీఫ్ చెప్పిన జవాబే అతనూ చెప్పాడు:

"దొర పిండి తిన్నయి, మన బెల్లం తిన్నయి, పని మాత్రం మనకే చేసినయి. డబుల్ ఏజెంట్లంటే గవ్వి. ఇడిసిపెట్టినం."